ఆదివారం తగ్గే నొప్పి

జ్ఞానవతికి గర్వం ఎక్కువని గిట్టనివాళ్ళు అంటారు. నిజమే. ఇరవై ఏడేళ్ళు ఒంటారియో ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక హాయిగా టీవీ చూసుకోమ్మా అని పిల్లలు చెబితే వినకుండా పరీక్ష రాసి ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్సు తెచ్చుకున్న మనిషి గర్వపడక ఏం చేస్తుంది? నాలుగేళ్ళలో పంతొమ్మిది కేసులు పట్టింది, పంతొమ్మిదీ తేల్చింది. ఇరవయ్యోది తేల్చడానికి మాత్రం ఆమెకిచ్చిన గడువు మూడు గంటల నలభై నిమిషాలు.

మార్చి పన్నెండు, బుధవారం, ఉదయం పది ఇరవై. కిచెనర్‌లోని రీసెర్చ్ క్లినిక్‌లో డాక్టర్ సుధామయి ఆమెకు ఎదురుగా కూర్చుని ఉంది. అరవై ఆరేళ్ళ న్యూరాలజిస్టు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి రమ్మన్నది ఆవిడే. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు గాని చీర మడత చెదరలేదు, మాట తడబడలేదు. జ్ఞానవతికి అది నచ్చింది.

విషయం ఇది. షుగరు ముదిరి కాళ్ళ నరాలు దెబ్బతిన్నవాళ్ళకు పగలూ రాత్రీ అరికాళ్ళు మండిపోతాయి. ఆ మంటకు ఒక కొత్త క్యాప్సూల్ పనిచేస్తుందా లేదా అని ఈ క్లినిక్‌లోనూ, ఇంకొన్ని ఊళ్ళ క్లినిక్కుల్లోనూ పరిశోధన జరుగుతోంది. ఇక్కడ నలభై ఎనిమిది మంది పేషెంట్లు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండి. ఎవరికి ఏది వెళ్ళిందో డాక్టరుకూ తెలియదు, మింగినవాళ్ళకూ తెలియదు. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు ఆ రోజు నొప్పి ఎంతో సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేయాలి. ఎనిమిది వారాలు. ఆ అంకెలే పరిశోధనకు ప్రాణం.

అవి దొంగ అంకెలని మందు కంపెనీ అంటోంది. మధ్యాహ్నం రెండింటికి ఎథిక్స్ కమిటీ కూర్చుంటుంది. కమిటీ ఆ మాట నమ్మితే క్లినిక్ మూతపడుతుంది, నలభై ఎనిమిది మంది వివరాలూ పరిశోధనలోంచి కొట్టేస్తారు, వాటిని చేత్తో అందుకున్న కోఆర్డినేటర్ అబిగేల్‌ని ఇక ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు. ఆ పిల్లకు నిండా ముప్పై ఏళ్ళు లేవు.

“ముప్పై ఆరు మంది ఫోన్‌లో నొక్కేస్తారు,” అంది సుధామయి. “ఫోనంటే హడలిపోయే పన్నెండు మంది మన పెద్దవాళ్ళకు తెలుగులో కాగితం డైరీ చేయించాను. బర్నింగా, టింగ్లింగా అని అడిగితే అన్నిటికీ యెస్ అని తల ఊపేవారండీ. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, ముళ్ళ మీద నడిచినట్టు అని అచ్చు వేయించాక నోరు విప్పారు. తొమ్మిదేళ్ళు తిరిగాను దీనికోసం. దొంగలెక్కలు రాయించుకోడానికా?”

జ్ఞానవతి జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు ప్రణీత్, మందు కంపెనీ మాంట్రియల్ ఆఫీసు నుంచి దిగిన డేటా ఇన్వెస్టిగేటర్. తెలుగువాడే, పుట్టి పెరిగింది మాత్రం మాంట్రియల్‌లో. కంప్యూటర్ అంకెల్లో మోసం పట్టడంలో దిట్ట అని పేరు, ఆ పేరు అతనికీ బాగానే తెలుసు. నమస్కారం కూడా పెట్టకుండా బల్ల మీద ఒక గ్రాఫు పరిచాడు.

“మీరు నర్సు కదా ఆంటీ. నరం పాడైతే దానికి వీకెండ్ తెలుస్తుందా?”

తెలియదని జ్ఞానవతి ఒప్పుకుంది. ఆంటీ అన్నందుకు మాత్రం లోపల ఒక మార్కు కోసేసింది.

గ్రాఫు చూస్తే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. కాగితం డైరీల్లో వారానికి ఆరు రోజులు నొప్పి ఏడు దగ్గర ఉంటోంది. ఆదివారం మాత్రం రెండుకు పడిపోతోంది. సోమవారం మళ్ళీ ఏడు. ఎనిమిది ఆదివారాలకు సగటు కట్టి మరీ గీశాడు. ఫోన్‌లో నొక్కిన ముప్పై ఆరు మందిలో ఒక్కరికీ ఈ చోద్యం లేదు. అంటే ఎవరో ఒకే మనిషి కూర్చుని అన్ని డైరీలూ నింపేశారు, ఆ మనిషి అబిగేల్ అని ప్రణీత్ వాదన. అన్ని డైరీల్లోనూ ఒకటే నీలం సిరా అని కూడా అన్నాడు.

“డైరీతోపాటు పెన్ను కూడా క్లినిక్కే ఇచ్చింది, ఒకే డబ్బాలోంచి,” అంది జ్ఞానవతి. “ఇంకేమైనా ఉందా?”

ఉంది. ఆడిట్ ఉత్తరం వచ్చింది శుక్రవారం. మర్నాడు శనివారం, సెలవు రోజున, అబిగేల్ కార్డుతో రికార్డుల గది పదకొండూ అయిదుకు తెరుచుకుంది, పన్నెండూ యాభైకి మూసుకుంది. గంటా నలభై అయిదు నిమిషాలు. అప్పుడు ప్రణీత్ అసలు తురుపు ముక్క తీశాడు. ఒక్కొక్కరికి నాలుగు వారాల పుస్తకాలు రెండేసి. మొత్తం ఇరవై నాలుగులో ఇరవై మూడు అబిగేల్ చేతికి వచ్చాయి, ఇరవై మూడింటిలోనూ ఆదివారం జబ్బు ఉంది. మిగిలిన ఒక్కటి కాలేబు అనే పెద్దమనిషి రెండో పుస్తకం. ఆయన ఎనిమిదో వారం విజిట్‌కు రాలేదు కాబట్టి, పని మీద ఆయన ఉండే వాన్ అనే ఊరికి వెళ్ళిన ప్రణీత్ స్వయంగా ఇంటికి వెళ్ళి తెచ్చాడు. అందులో ఆదివారం తగ్గడం లేదు. మూడూ, నాలుగూ, మూడూ, ఒకే తీరుగా ఉంది.

“అబిగేల్ చెయ్యి పడని పుస్తకం అదొక్కటే. జెన్యూన్ డేటా అంటే అలా ఉంటుంది, ఆంటీ.”

వాదన గట్టిదే. డైరీల్లో అంకె పక్కన రాసుకునే గడి ఉంది కదా, అందులో వాళ్ళు ఏం రాశారో చదివారా అని జ్ఞానవతి అడిగింది. నంబర్లకు భాష అక్కర్లేదని అతను నవ్వేశాడు. ఈ అబ్బాయికి తెలుగు చదవడం రాదని, రాదని చెప్పుకోవడం నామోషీ అని ఆమెకు అర్థమైంది.

పదీ యాభైకి అబిగేల్ వచ్చి కూర్చుంది. అడిగినవాటికి పొట్టి పొట్టి జవాబులు. శనివారం ఎందుకొచ్చావంటే డైరీలు చూసుకోడానికి వచ్చానంది. ఒక్క అంకె కూడా తను వేయలేదంది. ఆదివారాల సంగతి ముందే గమనించావా అని అడిగేసరికి ఆ ఒక్కటీ అడగొద్దంది.

జ్ఞానవతి అబద్ధాలకోర్లను చాలామందిని చూసింది. వాళ్ళు ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకుని వస్తారు. ఈ పిల్ల అలా లేదు, ఇంకెవరినో వెనక దాచుకుని అడ్డంగా నిలబడినట్టుంది. పన్నెండు మందీ నీకెలా తెలుసని మెల్లగా అడిగింది. అందరూ తన నాన్న వెళ్ళే తెలుగు చర్చివాళ్ళేనని, మిస్సిసాగాలో అద్దె హాల్లో ఆరాధన జరుగుతుందని, చిన్నప్పటి నుంచీ వాళ్ళ చేతుల్లోనే పెరిగానని అబిగేల్ చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

“దే ఆర్ నాట్ లయర్స్, ఆంటీ. నా జాబ్ పోయినా ఓకే. వాళ్ళని లయర్స్ అని కమిటీలో ఎవరూ అనకూడదు.”

ఇదే ఆంటీ అన్న మాట ఈ పిల్ల నోట ఎంత బాగుందో! జ్ఞానవతి లేచి ఆమె భుజం తట్టింది. దారి దొరికింది.

తన అదృష్టం కొద్దీ ఆ పన్నెండు మందిలో ఒకావిడ ఆ రోజు రక్తపరీక్షకు వచ్చి ఉంది. పేరు సంతోషం. డెబ్భై రెండేళ్ళు, బాపట్ల మనిషి. స్వెటరు మీద కొంగు బిగించి, డైరీ రాసినందుకు బహుమతి ఇస్తారేమో అన్నంత ధీమాగా కూర్చుంది. ఎనిమిది వారాలూ ఒక్క రోజు మానకుండా రాశానని తనే ముందు చెప్పింది. ఈ పుణ్యాన రేపు ఎవరి కాళ్ళ మంటో చల్లారితే ఆ పరిశోధనలో తనదీ ఒక చెయ్యి ఉంటుందంది. ఆదివారం నొప్పి ఎందుకు తగ్గుతోందని జ్ఞానవతి అడిగింది.

“తగ్గదమ్మా,” అంది సంతోషం. “పొద్దున సంఘంలో లేచి సాక్ష్యం చెబుతాను, ప్రభువు నా పాదాలు ముట్టాడని. చప్పట్లు కొడతారు. మళ్ళీ రాత్రికి ఎనిమిది అని వేస్తే ఏం బాగుంటుంది చెప్పు? ఆ ఒక్కరోజు ఒకటి వేస్తాను.”

“మరి సోమవారం?”

“సోమవారం ఎనిమిదే వేశాను గదా. పరిశోధనకు అబద్ధం రాస్తానా?”

జ్ఞానవతికి నవ్వు ఆగలేదు. తనూ నరసాపురంలో చర్చి బెంచీల మీద పెరిగిందే. సాక్ష్యం చెప్పిన రోజు ముక్కు చీదడానికి కూడా మొహమాటపడే మనుషులు ఆమెకు కొత్త కాదు. వారానికి ఆరు రోజులు అణాపైసలతో నిజం రాసి, ఏడో రోజు దేవుడి పరువు కాపాడారు ఈ పెద్దలు. వాళ్ళను చూస్తే ఆమెకు కోపం రాలేదు, ఛాతీ ఉప్పొంగింది. అందరూ సాక్ష్యం చెబుతారా అని అడిగితే అందరూ చెబుతారని, కాలేబు గారైతే వారం వారం పది నిమిషాలకు తక్కువ వదలరని, పాస్టరు గారు గడియారం చూపించాల్సి వస్తుందని సంతోషం చెప్పింది. మొన్నటి ఆదివారాలు కూడా మానలేదట. ఒక్క ఆదివారం మాత్రం అసలు ఆరాధనే జరగలేదట.

ఆ ఒక్క ఆదివారం ఏదని అడిగేసరికి ఆవిడ తడుముకోలేదు. ఫిబ్రవరి పదహారు. మంచు తుఫాను, హాలు తాళం కూడా తీయలేదు.

పదకొండూ నలభైకి జ్ఞానవతి రికార్డుల గదిలో ఉంది. కిటికీ ఒకటి, ఇనుప బీరువా ఒకటి, బల్ల ఒకటి. సుధామయి తాళం తీసి ఇరవై నాలుగు పుస్తకాలూ బల్ల మీద పేర్చింది. జ్ఞానవతి కళ్ళజోడు పెట్టుకుని పదకొండు మంది రెండో పుస్తకాలూ ఒక్కొక్కటే తిప్పింది. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం: ఒకటి, సున్నా, రెండు. ఫిబ్రవరి ఇరవై మూడు: సున్నా, ఒకటి, ఒకటి. ఫిబ్రవరి పదహారు: ఎనిమిది, ఏడు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదకొండింటిలోనూ అదే వరస. చర్చి లేదు, సాక్ష్యం లేదు, కాబట్టి మొహమాటం లేదు. ఒక్క చేత్తో దొంగరాతలు రాసే మనిషి ఆదివారం కనబడితే చాలు తగ్గించుకుంటూ పోతుంది గాని తుఫాను లెక్క చూసుకోదు. ఎనిమిది ఆదివారాలనూ కలిపి సగటు కట్టిన ప్రణీత్‌కు ఆ ఒక్క ఆదివారం సగటులో మునిగిపోయింది.

సుధామయి కుర్చీలో కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. ఆదివారాలు తీసేసి లెక్క కట్టుకోవచ్చు, ఆరు రోజుల అంకెలు నిక్షేపంలా ఉన్నాయి అంది. కేసు అయిపోయినట్టే.

కానీ జ్ఞానవతి లేవలేదు. ఆదివారం తగ్గిన పుస్తకాలు నిజమైనవైతే, అందరికంటే గట్టిగా సాక్ష్యం చెప్పే కాలేబు రెండో పుస్తకంలో ఒక్క ఆదివారమూ ఎందుకు తగ్గలేదు?

ఆయన మొదటి పుస్తకం కిటికీ వెలుతురుకు పట్టింది. ఆదివారాలు బుద్ధిగా తగ్గాయి. ప్రతి పేజీ కింది మూల జిడ్డు పట్టి అవతలి గీతలు కనబడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన. అరికాళ్ళకు నూనె రాసుకుని, అదే చేత్తో అంకె వేసే అలవాటన్నమాట. ఇరవై ఎనిమిది పేజీలకు ఇరవై ఎనిమిదీ అంతే. రెండో పుస్తకం తిప్పింది. ఒక్క మరక లేదు. పక్క గడుల్లో ఒక్క అక్షరం లేదు. కొట్టు నుంచి అప్పుడే తెచ్చినట్టుంది.

పన్నెండూ యాభైకి అందరినీ సుధామయి గదిలోకి పిలిపించింది. తుఫాను ఆదివారం సంగతి చెప్పేసరికి ప్రణీత్ మొహంలో రంగు మారింది గాని తగ్గలేదు. అది కాకతాళీయం అన్నాడు. పదకొండు పుస్తకాల్లోనా అని జ్ఞానవతి అడిగింది. మతం సంగతులు సైన్సులోకి తేవద్దన్నాడు. అది మతం సంగతి కాదు, మనుషుల సంగతి, మనుషుల నొప్పి కొలవడానికి వచ్చినవాళ్ళకు అది తెలియాలి అంది. తర్వాత కాలేబు పుస్తకాలు రెండూ అతని ముందు పెట్టింది.

“ఇరవై మూడు పుస్తకాలు ఆ పిల్ల చేతి మీదుగా వచ్చాయి, అన్నీ నిజమైనవే. దొంగది ఒక్కటే ఉంది. అది ఎవరు తెచ్చారో మీరే చెప్పారు.”

ప్రణీత్ కోటు అందుకున్నాడు. పేషెంట్ ఏం రాస్తే తను అదే తెచ్చానని, ముసలాయన నూనె రాసుకోవడం మానేస్తే తనదా తప్పు అని గొణిగాడు. ఆ సంగతి ఆయన్నే అడుగుదామని సుధామయి బల్ల మీది ఫోన్‌లో నంబరు కలిపింది. స్పీకర్ నొక్కింది. మూడో రింగుకు ఎత్తారు.

వందనాలమ్మా అని పలికిన గొంతు బలహీనంగా ఉంది, ఉత్సాహం మాత్రం తగ్గలేదు. తను ఎవరో చెప్పి, డైరీ గురించి జ్ఞానవతి అడిగింది. కాలేబు గారు ఏకరువు పెట్టారు. ఒక్క రోజు మానలేదు. నూనె రాసుకోవడమూ మానలేదు. ఫిబ్రవరి పద్ధెనిమిదిన వేణ్ణీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుంటే వేడి తెలియలేదు, బొబ్బలెక్కాయి. ఆ సంగతీ డైరీలో రాశారు, డైరీ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పారు. అది కంపెనీవాళ్ళ మాంట్రియల్ నంబరు. తర్వాత మార్చి మూడున కంపెనీ నుంచి ఒక అబ్బాయి వచ్చి పుస్తకం పట్టుకెళ్ళాడు, అంతా నోట్ చేసుకున్నాం, క్లినిక్‌కు వెళ్ళి చెబితే మిమ్మల్ని స్టడీలోంచి తీసేస్తారు అన్నాడు.

పరిశోధనలో పాల్గొన్న మనిషికి గాయమైతే ఆ మాట కమిటీకి చేరి తీరాలి. క్యాప్సూల్ నొప్పితోపాటు కాళ్ళకు కాపలా కాసే స్పర్శను కూడా తీసేస్తోందేమోనని మొదట అనుమానించాల్సింది అక్కడే. క్లినిక్‌నే కొట్టేస్తే ఆ గాయం కూడా కాగితాల్లోంచి కొట్టుకుపోతుంది. ఇప్పుడు జ్ఞానవతికి మొత్తం కనబడింది.

“ఆయన చెప్పేది ప్రూవ్ చెయ్యగలరా?” అన్నాడు ప్రణీత్. గొంతు తగ్గించే అన్నాడు గాని ఫోన్‌లో వినబడిపోయింది.

“ఆ అబ్బాయేనా?” అన్నారు కాలేబు గారు. “బాబూ, నేను ముప్పై ఏళ్ళు వాన్‌లో వేర్‌హౌస్‌లో సరుకు దింపించుకునే రిసీవింగ్ పని చేశాను. సంతకం లేకుండా డాక్ దాటి ఒక్క పెట్టె పోనివ్వలేదు. నీ దగ్గర సంతకం చేయించుకున్నా కదా, మర్చిపోయావా? చదువుతాను వినమ్మా. పుస్తకం ఒకటి, పేజీలు ఇరవై ఎనిమిది, పదహారో పేజీ నుంచి చివరిదాకా కాలి పుండు వివరాలు ఉన్నవి, ముట్టినది. సాయంత్రం నాలుగూ ఇరవై. కింద సంతకం.”

అది తెలుగులో రాసిన కాగితం. తెలుగు రాదని చెప్పుకోవడం ఇష్టంలేక, చదివినట్టు తల ఊపి, గడుసుగా సంతకం గీసేసి వచ్చాడు ప్రణీత్. అబిగేల్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ క్షణంలో జ్ఞానవతికి ఎక్కడో వాన్‌లో కూర్చున్న ఆ ముసలాయనకు సెల్యూట్ కొట్టాలనిపించింది. తను ఇరవై కేసులు తేల్చింది సరే, ఈ కేసు తేల్చింది ఆయనే.

కాలు ఇప్పుడెలా ఉందని ఆమె నర్సు గొంతుతో అడిగింది.

“నొప్పి అస్సలు లేదమ్మా. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. కాస్త వాసన. రెండ్రోజులుగా చలిజ్వరం.”

సుధామయి అప్పటికే ఇంకో ఫోన్‌లో అంబులెన్సుకు అడ్రసు చెబుతోంది. జ్ఞానవతి ఆయన్ని కదలవద్దంది, కాలు కింద పెట్టవద్దంది, తలుపు గొళ్ళెం తీసే పని పక్కింటివాళ్ళకు చెప్పమంది.

“అలాగే. కాలు పోతే పోయిందమ్మా, నా పుస్తకం పోకూడదు. మన భాషలో రాసిన పుస్తకం అది,” అన్నారు కాలేబు గారు. మరో మాట కూడా అన్నారు. “ఆ అబ్బాయి సంచిలో ఇలాంటివే ఇంకో మూడు ఉన్నాయి. తెలుగువి కావు. అట్టల మీద వేరే ఊళ్ళ పేర్లున్నాయి.”

జ్ఞానవతి ఫోన్ అబిగేల్‌కు అందించి, అంబులెన్సు వచ్చేదాకా ఆయనతో మాట్లాడుతూనే ఉండమంది. తర్వాత ప్రణీత్ వైపు తిరిగింది. ఉదయం నుంచీ మీరు అంటూ వచ్చిన మనిషి ఆ మాట అక్కడితో ఆపేసింది.

“ఆ ముగ్గురూ ఎవరు? నువ్వు చెప్పకుండా ఈ గడప దాటవు.”

గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై అయింది. ప్రణీత్ కోటు కుర్చీ మీద పెట్టేశాడు. కంపెనీవాళ్ళు చెప్పినట్టు చేశానని ఒకసారి, తనకేమీ తెలియదని ఒకసారి అన్నాడు. ఆమె చూపు తిప్పలేదు. చివరికి ఫోన్ తీసి, రెండు పేర్లూ రెండు ఊళ్ళూ వరసగా చదివాడు. సుధామయి రాసుకుంది. మూడో పేరు దగ్గర చదవడం ఆపి ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

“ఈయన పేరు వేరే ఊరి క్లినిక్‌లో ఉన్నా, ఉండేది కిచెనర్‌లోనే, ఇక్కడికి నాలుగు వీధుల అవతల. ఒక్కరే ఉంటారు,” అన్నాడు. “సోమవారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు.”